పాము ఎవరి పూచీ?

ఆగస్టు నెలలో అమెరికా తెలుగు ఇళ్ల ముందు కార్ల డిక్కీలు తెరిచి ఉంటాయి. దుప్పట్లు, రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, మినీ ఫ్రిజ్. పిల్ల డార్మ్‌కు వెళుతోంది. సామానంతా ఎక్కించాక కొన్ని ఇళ్ల బేస్‌మెంట్లలో ఒకటి మిగిలిపోతుంది: గాజుపెట్టెలో కొబ్బరిపీచు మీద చుట్టచుట్టుకుని పడుకున్న బాల్ పైథాన్. ఏడో తరగతిలో బతిమాలి బతిమాలి కొనిపించుకున్నది, ఇప్పుడు నాలుగడుగులుంది. "పది రోజులకో ఎలుక వేస్తే చాలమ్మా" అని చెప్పి పిల్ల కారెక్కుతుంది. అమ్మది పల్నాడులోని మాచర్ల.

వెంట తీసుకెళ్లవచ్చుగా అంటే, కుదిరే పని కాదు. చాలా యూనివర్సిటీల డార్మ్‌లలో చిన్న తొట్టెలోని చేపలకు తప్ప మరో ప్రాణికి చోటు లేదు. ఫ్లోరిడాలోని ఎకర్డ్ కాలేజీ 1970ల నుంచి పెంపుడు జంతువులను గదుల్లో ఉండనిస్తోంది గానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్వీస్ యానిమల్ అంటే కుక్క. పొట్టి గుర్రానికి కూడా అందులో ఒక వెసులుబాటు ఉంది, పాముకు లేదు. మానసిక ఊరట కోసమని డాక్టరు చీటీ తెచ్చుకునే దారి ఒకటుంది. అయితే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 2020లో ఇచ్చి 2025లో వెనక్కి తీసుకున్న మార్గదర్శకాలు కూడా పాముల్ని మామూలు ఇంటి జంతువుల్లో చేర్చలేదు. అది ఎందుకు తప్పనిసరో అడిగినవాళ్లే గట్టిగా నిరూపించుకోవాలన్నాయి. హవాయిలో చదవబోయేవాళ్లకైతే ఆ చర్చే అక్కర్లేదు. అక్కడ పామును పెంచడమే నేరం. రెండు లక్షల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

కాబట్టి పాము ఇంట్లోనే ఉంటుంది. పేచీ అక్కడ మొదలవుతుంది.

అమ్మానాన్నల భయాన్ని పిల్లలు మూఢనమ్మకం కింద కొట్టేస్తారు. సాగర్ కుడికాలువ కింద రాత్రిపూట టార్చిలైటూ కర్రా పట్టుకుని నీళ్లు కట్టడానికి వెళ్లినవాళ్లు, మిరపకోతలో చెట్టు మొదట్లో చెయ్యి పెట్టబోయి ఒక్క క్షణం ఆగినవాళ్లు, పత్తికట్టె మోపు ఎత్తేముందు కాలితో ఒకసారి తన్ని చూసినవాళ్లు పెంచిన బిడ్డలు ఆ అమ్మానాన్నలు. ఆ భయానికి లెక్కలూ ఉన్నాయి. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఎనిమిది రాష్ట్రాల్లోనే. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకటి. చనిపోయినవాళ్లలో చాలామంది పల్లెల్లో, సొంత ఇళ్లలో పోయినవాళ్లు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటిలో కాట్లు ఎక్కువ రక్తపింజరవి.

ఇక్కడే అసలు ముడి ఉంది. బాల్ పైథాన్ చూడ్డానికి రక్తపింజరలాగే ఉంటుంది. బొద్దైన ఒళ్లు, పొట్టి తోక, మెడకన్నా వెడల్పైన తల, గోధుమరంగు మీద పెద్ద పెద్ద మచ్చలు. పల్నాటి దుర్గి చేలల్లో తిరిగిన నాన్న గాజుపెట్టెలోకి చూసి వెనక్కి తగ్గాడంటే ఆయన కన్ను తప్పు చేయలేదు, బాగానే పనిచేసింది. తేడాలు దగ్గరికెళ్తేనే తెలుస్తాయి. రక్తపింజర వీపు మీద మూడు వరుసల్లో, నల్లటి అంచు కట్టిన కోలమచ్చలు గొలుసు లింకుల్లా సాగుతాయి. కదిలిస్తే ప్రెషర్ కుక్కరంత బుస కొడుతుంది. పిల్లల్ని కంటుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ గుడ్లు పెడుతుంది. విషం లేదు. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది, పేరు కూడా అందుకే వచ్చింది. ఈ పోలికల పని తెలుగు నేల మీదే చాలాకాలం కిందట జరిగింది. విశాఖపట్నంలో ఉండి కోరమండల్ తీరపు పాముల్ని సేకరించిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో వేసిన పుస్తకంలో బొమ్మల పక్కన తెలుగు పేర్లూ ఉన్నాయి. అందులో కాటుకరేకుల పొడ రక్తపింజర, పెద్దపొడ కొండచిలువ. ఇంగ్లీషులో రక్తపింజరకు ఇప్పటికీ ఆయన పేరే.

ఈ పోలిక తిరగబడితే ప్రాణాలకే ముప్పు. డిసెంబరు సెలవులకు గురజాల వెళ్లిన అమెరికా పిల్లవాడికి నాపరాళ్ల దొంతర పక్కన ఎండ కాగుతున్న గోధుమరంగు పాము కనిపిస్తుంది. చలికాలంలో రక్తపింజర పగలు బయట ఎండకు పడుకోవడం మామూలే. ఇంట్లో రోజూ పైథాన్‌ను ఎత్తుకున్న చెయ్యి కదా, 'పైథాన్ పిల్ల' అనుకుంటుంది. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకుని కాటుకు గురైన సంఘటనలు మన దేశంలో కొత్త కాదు. పామును పెంచిన పిల్లలకు పాములు తెలుసు అనుకోవడం కన్నా, వాళ్లకు ఒక పాము తెలుసు అనుకోవడం మేలు. ఊరికి వెళ్లేముందు తాతయ్య భయాన్ని కూడా కాస్త సర్దుకుని తీసుకెళ్లాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కాటు పడిన చెయ్యి గానీ కాలు గానీ కదల్చకుండా 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేరాలి.

ఇక పూచీ సంగతి. బాల్ పైథాన్ మామూలుగా 20, 30 ఏళ్లు బతుకుతుంది. 1961లో ఒక సొంతదారు సెయింట్ లూయిస్ జూకు ఇచ్చేసిన ఆడ బాల్ పైథాన్ 2020 జులైలో, దానికి 62 ఏళ్లుంటాయని అంచనా వేసిన వయసులో, ఏడు గుడ్లు పెట్టింది. పదిహేనేళ్లకు పైగా దాని దగ్గరికి మగపాము వెళ్లలేదు. ఏడో తరగతిలో కొన్న పాము, పిల్ల పెళ్లి దాకా, ఇంటి అప్పు తీరేదాకా ఉంటుందని కొన్ననాడు షాపువాళ్లు గట్టిగా చెప్పరు.

అయినా నెత్తిన పడ్డ అమ్మకు పని అంత పెద్దదేమీ కాదు, పద్ధతి తెలిస్తే. పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, రెండో వైపు 25, 26. రెండు వైపులా దాక్కునే గూడు. హీటర్‌కు థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే పాము ఒళ్లు కాలుతుంది. నీళ్ల గిన్నె రోజూ మార్చాలి. ఎదిగిన పాముకు పది పద్నాలుగు రోజులకో ఎలుక చాలు. చలికాలంలో నెలల తరబడి తినకపోయినా, బరువు తగ్గనంతవరకు కంగారు లేదు. తిన్నాక రెండు రోజులు ఎత్తకూడదు, ఎత్తితే కక్కేస్తుంది. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం విడవబోతోందని గుర్తు. అప్పుడు దానికి సరిగా కనపడదు, కదిలించవద్దు. ఎత్తేటప్పుడు పైనుంచి గద్దలా చెయ్యి దించకూడదు. పక్కనుంచి తాకి, రెండు చేతుల మీద ఒళ్లంతా మోయాలి. తోక పట్టి లాగకూడదు. చేతికి ఎలుక వాసన ఉంటే చేతినే ఎలుకనుకుంటుంది, కడుక్కుని వెళ్లాలి. ఈ పనులన్నీ పిల్ల వెళ్లేముందు రెండు మూడు వారాలు అమ్మానాన్నలే చేయాలి, పిల్ల పక్కన నిలబడి చూడాలి. వీడియో కాల్‌లో నేర్చుకునే విద్య కాదిది. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఆ వారాల్లోనే తేల్చుకోవాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో గడ్డకట్టే చలిలో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పాము తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు.

ఎలుకల విషయంలో శాకాహార ఇళ్లలో జరిగే రభస వేరే చెప్పాలి. గడ్డకట్టిన ఎలుకల ప్యాకెట్ కరివేపాకు పక్కన పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు, ఒప్పనక్కర్లేదు కూడా. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ పెట్టుకుంటే గొడవ సగం తగ్గుతుంది. ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గోరువెచ్చటి నీళ్లలో కవరుతో ఉంచి వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. నాగుల చవితి నాడు పుట్టకు చలిమిడీ చిమ్మిలీ పెట్టిన అత్తయ్యగారు వచ్చి ఉంటే, గాజుపెట్టెలోని గిన్నెలో పాలు పోయనివ్వకండి. పాముకు పాలు అరగవు, కావలసింది నీళ్లు.

అత్తయ్యగారి విషయమే ఇంకొకటి. పాముల ఒంటి మీద, పెట్టెలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు పాముల్ని ముట్టకూడదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఆరు నెలలు ఉండటానికి వచ్చిన తాతయ్యకు, అమ్మమ్మకు ఆ పని అప్పగించడం అందుకే తగదు. పెట్టె సామాను వంటింటి సింకులో కడగకూడదు.

ఎంత నేర్చుకున్నా కుదరనివాళ్లు ఉంటారు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అలాంటివాళ్ల కోసం చికాగో హెర్పెటలాజికల్ సొసైటీ లాంటి సంఘాలు పాములకు కొత్త ఇళ్లు వెతికిపెడతాయి. పోస్టులో పంపుదామంటే అమెరికా తపాలాశాఖ పాముల్ని తీసుకోదు, స్వయంగా చేర్చాలి. ఊరి బయట చెట్లలో వదిలేయడం మాత్రం అస్సలు వద్దు. చలి ఊళ్లలో పాము చస్తుంది, వేడి ఊళ్లలో బతికి ఊరిని తింటుంది. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో వదిలేసిన, తప్పించుకున్న బర్మా కొండచిలువలు పెరిగిపోయాక, రోడ్ల వెంట కనిపించే రకూన్లు 99 శాతం తగ్గాయని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చివరికి 2017లో ఫ్లోరిడావాళ్లు, పాములు పట్టడంలో నేర్పరులైన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళ గిరిజనులను తమిళనాడు నుంచి పిలిపించుకున్నారు. వాళ్లు మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువల్ని పట్టారు.

ఇండియాకు తిరిగి వెళ్లిపోయే కుటుంబాలు పామునూ తీసుకెళ్దామనుకుంటే దిగుమతి లైసెన్సు, వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ కింద పర్మిట్ కావాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదూ చేయించాలి. అక్కడికెళ్లాక నల్లమల అంచున దొరికిన కొండచిలువనో, పొలంలో దొరికిన జెర్రిపోతునో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత ఆ రెండూ మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.