పదకొండు నెలల నటన

నల్లగొండ రామగిరిలో టులెట్ బోర్డు చూసి నేనూ, నా నేస్తమూ లోపలికెళ్ళాం. ఇంటావిడ నన్ను చూడనే లేదు. చూపంతా పిల్ల మెడ మీదే!

"పుస్తెలేవి బిడ్డా?"

"పెళ్ళి కాలేదండీ" అన్నాం.

"గట్లయితే ఇయ్యం."

తలుపు పడింది.

1955లో విజయావారి ‘మిస్సమ్మ’లో రామారావు, సావిత్రి మొగుడూ పెళ్ళాలమని బొంకితే ఉద్యోగాలతోపాటు ఇల్లూ దొరికింది. ఆ బొంకుకి ఇప్పటికీ పడీపడీ నవ్వుతాం. పెళ్ళికాని జంట కలిసుండటం నేరం కాదని నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. చెబితేనేం, తాళంచెవి ఇంటావిడ కొంగున ఉందిగా!

"బజార్లో నల్లపూసలు కొందామా?" అన్నాను, దారిలో.

"సావిత్రిది మూడు గంటల సినిమా. మనం రాసేది పదకొండు నెలల అగ్రిమెంటు. అన్నాళ్ళు నటించడం నావల్ల కాదు" అంది.

ఇంకా వెతుకుతున్నాం.