పల్నాటి అతిథికి బార్సిలోనా చట్టమా?

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో నాగులేటి ఒడ్డున కాలు పెట్టే జాగా ఉండదు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... పల్నాటి యుద్ధ వీరులకు ఐదు రోజుల ఆరాధన. వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకొని, వారిని కొలిచే వీరాచారవంతులు ఊరూరి నుంచి తరలివస్తారు. బంధువులున్నవారికి వసారాలో చాప దొరుకుతుంది. ఎవరూ లేనివారు చూసింది చాలనుకొని రాత్రికే బస్సెక్కుతారు.

పల్నాటి యుద్ధ కాలంలో నలగామరాజు ఏలిన గురజాలకు ఈ బస కొరత ఒక అవకాశం. దైద అమరలింగేశ్వరుడి బిలం ఈ మండలంలోనే ఉంది. కారంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవాలయం, ఎత్తిపోతల జలపాతం, అనుపులోని బౌద్ధ శిథిలాలు చూసుకొని సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ తిరునాళ్లకు, సెలవులకు మాత్రమే ఉండే గిరాకీని నమ్ముకొని పెద్ద హోటలు ఎవరు కడతారు? పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడగా మేడమీద గదులు ఖాళీగా ఉన్న ఇళ్లే ఇక్కడ సరైన బస. 2025-26 కేంద్ర బడ్జెట్ హోంస్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నది కూడా.

అయితే ఇళ్లను పర్యాటకులకు అద్దెకివ్వడంపై ప్రపంచమంతటా ఆంక్షలు బిగుస్తున్నాయి. 30 రోజుల లోపు అద్దెలకు న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి నమోదును తప్పనిసరి చేసింది. యజమాని అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనాలో 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగనివ్వబోమని మేయర్ జౌమే కొల్బోని 2024 జూన్‌లో ప్రకటించారు. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగి స్థానికులకు ఇల్లు దొరకడం లేదన్నది ఆయన వాదన.

అక్కడి జబ్బు గురజాలకు లేదు. పర్యాటకుల వల్ల అద్దె ఇల్లు దొరకని టీచరు ఇక్కడ కనిపించరు. అలాంటప్పుడు మహానగరాల నిబంధనలను తెచ్చి ఇక్కడ రుద్దితే, గది ఇద్దామనుకున్న ఇల్లాలు మనకెందుకొచ్చిన తంటా అని తాళం వేసుకుంటుంది.

అలాగని పట్టించుకోకుండా వదిలేయడమూ కుదరదు. నాగార్జునకొండ చూడ్డానికి వచ్చిన విదేశీ బౌద్ధుడు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆయన వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఆ సంగతి ఎంతమంది గృహస్థులకు తెలుసు? గ్యాస్ సిలిండరు ఎక్కడ పెట్టాలి, వచ్చినవారి పేర్లు ఏ రిజిస్టరులో రాయాలి, కరెంటు బిల్లు గృహ కేటగిరీలోనే ఉంటుందా, వాణిజ్యానికి మారుతుందా? వీటికి ముందే జవాబు దొరకాలి. లేకుంటే తనిఖీకి వచ్చిన ప్రతి ఉద్యోగీ ఒక్కో నిబంధన చెబుతాడు.

దారి చూపే నమూనా మన దేశంలోనే ఉంది. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకంలో యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి; గదులు ఒకటి నుంచి ఆరు, పడకలు 12 దాటకూడదు. గురజాల నగర పంచాయతీ పరిధిలోని వార్డు సచివాలయమే ఈ కొలతతో దరఖాస్తు తీసుకొని, పోలీసు, అగ్నిమాపక సూచనలు ఒకే కాగితంపై ఇవ్వాలి. మూడు గదుల లోపు ఇళ్లకు రుసుము వద్దు, నమోదు మాత్రం తప్పకూడదు.

లాడ్జీ యజమానులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. పన్నులన్నీ తాము కడుతుంటే పక్కింటివారికి మినహాయింపేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. యజమాని లేని ఇంటిని, గదుల కోసమే కట్టిన భవనాన్ని హోంస్టే పేరుతో నడిపితే లాడ్జీ పన్నే వేయాలి. ఈ తేడాను నగర పంచాయతీ ఇప్పుడే రాసిపెట్టుకుంటే, రేపు గిరాకీ పెరిగి బయటి పెట్టుబడి దిగినా కొత్త చట్టం కోసం వెతుక్కోనక్కర్లేదు.