చలికాలం ప్రయాణం: మీ డిక్కీలో ఏముంది?

నవంబరు వచ్చిందంటే టొరాంటోలో మనవాళ్ళ కబుర్లన్నీ స్నో టైర్ల ధరల చుట్టూ తిరుగుతాయి. డిక్కీలో ఏం పెట్టుకోవాలన్న సంగతి ఎవరూ ఎత్తరు. “రోడ్లు వాళ్ళే సాఫు చేస్తారు, చేతిలో సెల్‌ఫోన్ వుంది, పిలిస్తే టో ట్రక్ వస్తుంది” అన్న ధీమా! ఈ ధీమా ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

2010 డిసెంబరులో సార్నియా దగ్గర 402 హైవే మీద 300 మందికి పైగా మంచులో చిక్కుకుపోయారు. చాలామంది రాత్రంతా వాహనాల్లోనే గడిపారు. చివరికి సైన్యం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2022 జనవరి మొదటి వారంలో వర్జీనియాలో ఐ-95 స్తంభించిపోతే, సెనేటర్ టిమ్ కేన్ 27 గంటలు కారులోనే వున్నారు. పక్క కారువాళ్ళు పంచిపెట్టిన ఓ నారింజపండే ఆయనకు దొరికిన ఆహారం. అదే నెల 17న మా టొరాంటోలోనే గార్డినర్, డాన్ వేలీ రహదారులు మూసేశారు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు వచ్చిన తుఫానులో బఫెలో ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో కొందరు కార్లలోనే ప్రాణాలు వదిలారు.

ఈ ప్రమాదాలకు, మనకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. నేనుండే ఎటోబికోలో 401, 427, గార్డినర్, క్యూఈడబ్ల్యూ అన్నీ దగ్గరదగ్గరగా వున్నాయి. పక్కనే పియర్సన్ విమానాశ్రయం. క్రిస్మస్ సెలవులకి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరే కుటుంబాలు సుమారు 500 కిలోమీటర్లు వెళ్ళాలి. ఆ దారి బఫెలో మీదుగా, ఈరీ సరస్సు ఒడ్డు వెంబడే వెళుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చల్లటి పడమటి గాలి సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, అవతలి ఒడ్డున సన్నటి పట్టీలాగా మంచు కుమ్మరిస్తుంది. ఆ పట్టీకి ఇవతల ఎండ కాస్తూనే వుంటుంది. అంటే మన డ్రైవ్‌వేలో నిలబడి ఆకాశం చూసి లాభం లేదు. బయల్దేరే ముందు దారి పొడుగునా వాతావరణం చూసుకోవాలి. ఒంటారియోలో రోడ్ల పరిస్థితి 511లో తెలుస్తుంది.

మరి ప్రభుత్వం సంగతి? ఒంటారియోలో హైవేల మీద మంచు తీసే పనిని ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇచ్చారు. 2009 తర్వాత మారిన కాంట్రాక్టుల వల్ల రోడ్లు తేటపడడానికి పట్టే సమయం రెట్టింపుకు మించిందని ప్రాంతీయ ఆడిటర్ జనరల్ బానీ లైసిక్ 2015 నివేదికలో తేల్చారు. క్యుబెక్‌లో శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఇక్కడ అలా కాదు. 2016 నుంచి ఆ టైర్లున్నవాళ్ళకి ఇన్సూరెన్సులో తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన మాత్రం వుంది. అంటే నిర్ణయం మనకే వదిలేశారు. కొత్తగా వచ్చి, పాత కారు కొనుక్కుని, డబ్బులు చూసి ఖర్చుపెట్టుకునే విద్యార్థి దీన్ని వాయిదా వేస్తాడు. ప్రమాదం ముందు పట్టుకునేది అతన్నే.

మనవాళ్ళకి ప్రత్యేకమైన మరో సంగతి బట్టలు. హీటరుంది కదా అని పల్చటి చొక్కాలతో, చెప్పులతో కారెక్కుతాం. చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకైతే చీర మీద శాలువా, పంచె మీద స్వెట్టరు! ఇంజను ఆగిపోతే ఆ వెచ్చదనం ఎక్కువసేపు నిలవదు. అందుకే మనిషికో కోటు, బూట్లు, టోపీ, చేతి తొడుగులు కారులో వుండాల్సిందే.

ఇక పెట్టె సంగతి. రగ్గులు, టార్చ్‌లైటు, విజిల్, ప్రథమ చికిత్స సామాను, జంపర్ కేబుళ్ళు, టో తాడు, చక్రాల కింద చల్లడానికి ఇసుక, కాగితం మ్యాపు, ఫోన్ చార్జరు. అద్దం కడిగే ద్రవం మైనస్ 40 డిగ్రీలకు పనికొచ్చేది కొనండి. నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో, కాస్త వెలితిగా పోసి పెట్టండి, గడ్డకట్టినా పగలవు. తిండికి జంతికలు, వేరుశనగ వుండలు, ఖర్జూరాలు చాలు. షుగరు, బీపీ వున్న పెద్దవాళ్ళ మందులు ఒకరోజుకి ఎక్కువే చేతిసంచీలో పెట్టుకోవాలి. చిన్న పార మాత్రం డిక్కీలో కాక సీటు దగ్గర వుంచండి. డిక్కీ తలుపు మంచులో కూరుకుపోతే లోపలి పార ఎందుకు పనికొస్తుంది?

చిక్కుకుపోతే కారు వదిలి నడవొద్దు. తెల్లటి తుఫానులో పదడుగులకే దిక్కు తెలీదు. పెట్రోలు సగానికి తగ్గకుండా చూసుకుంటే ఇంజనును అరగంటకో పది నిమిషాలు నడుపుతూ చాలాసేపు గడపవచ్చు. నడిపే ముందు ప్రతిసారీ సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి. గాలి తగలని వైపు కిటికీ కాస్త దించాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఎలక్ట్రిక్ కారుకి ఈ బెడద లేదు కానీ, చలికి బ్యాటరీ దూరం తగ్గుతుంది. నిండా చార్జి చేసే బయల్దేరాలి.

మన సంఘాలు సంక్రాంతి, ఉగాది ఘనంగా జరుపుతున్నాయి. ఏటా నవంబరులో ఒక శనివారం, కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ పెట్టె ఎలా సర్దాలో చూపిస్తే ఎంత ఖర్చవుతుంది? పాత రగ్గులు, అదనపు పారలు మన బేస్‌మెంట్లలోనే పడివున్నాయి. ఈసారి కార్యవర్గ సమావేశంలో ఎవరైనా ఈ మాట ఎత్తితే బాగుంటుంది.