కుట్టుపనిలోని మాటలు

మర్రిపాడు, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో ఏ యూరి అంగడివీధికి పోయినను ఒక అరుగుమీద కుట్టుమిషను కనబడును. దాని చెంతనే కొలతటేపు మెడలో వేసికొన్న దర్జీ బల్లపై గుడ్డ పరచి కత్తిరించుచుండును. అతడు కుట్టిన జాకెట్లకు హెమ్మింగు చేయుచు, హుక్కులు కుట్టుచు, కాజాలు వేయుచు వేరొక యింటిలో ఒక స్త్రీ కూర్చుండియుండును. కత్తిరించువానిని లోకము ‘కటింగు మాస్టరు’ అని గౌరవించుచున్నది. ఆ స్త్రీకి బిరుదమేదియు లేదు. ఆమెకు దక్కునది జాకెట్టుకింత యని లెక్కగట్టిన కూలి మాత్రమే. ఈ ఇరువురి నడుమ నున్న అంతరము చేతినేర్పులోనిదా? చాల సందర్భములలో కాదు. ఆమె కుట్టు అతని కుట్టుకంటె సన్నముగను గట్టిగను ఉండవచ్చును. అంతరము కత్తెరలో నున్నది. కత్తెర వెనుక కొలతలో నున్నది. కొలత వెనుక మాటలో నున్నది.

కుట్టుపని నేర్పుటకు నేడు ప్రయత్నములు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకములో చేర్చిన 18 వృత్తులలో దర్జీపని యొకటి. పనిముట్లకై 15,000 రూపాయల సాయము, కొన్నినాళ్ల శిక్షణ అందు భాగములు. యంత్రము వచ్చును, శిక్షణ ముగియును. కాని శిక్షణ పొందిన పిల్ల నోటుపుస్తకము తెరచి చూచినచో ‘డార్టు’, ‘బయాసు’, ‘ఈజు’, ‘సీము అలవెన్సు’ అను మాటలు తెలుగు లిపిలో వరుసగా కనబడును. వాని యర్థమడిగిన ఆమె మౌనము వహించును. బోర్డుమీద గీసిన పటమును ఆమె గీయగలదు. ఆ పటమునకు సరిపడు దేహము వచ్చినప్పుడు కుట్టగలదు. దేహము మారినచో పటమును మార్చజాలదు. నష్టమంతయు ఇచ్చటనే యున్నది.

కుట్టుపనికి తెలుగులో మాటలు లేవనుట పొరపాటు. ఉన్న మాటలను తోసివేసి ‘సీవనయంత్రము’ వంటి పదములను కల్పించుటయు అంతకు తక్కువ పొరపాటు కాదు. వృత్తిలో మాట పుట్టునది చేతితో. చేయి ఎవరి యొద్ద పని నేర్చినదో వారి మాట నాలుకపైకి వచ్చును. సూది, దారము, కత్తెర, కుట్టు, అంచు, మడత, అతుకు, కుచ్చు, బొందు - ఇవి ఇంటింటి మాటలు. దర్జీ, జేబు, అస్తరు, పైజామా, గజము - ఇవి పారసీక, హిందూస్థానీ మార్గమున వచ్చినవి. 1514లో కృష్ణదేవరాయలు జయించిన ఉదయగిరి దుర్గము తరువాతి కాలమున గోలకొండ ప్రభువులకును, ఆర్కాటు నవాబులకును వశమైనది. ఉర్దూ మాటాడు కుటుంబములు ఆ సీమలో తరతరములుగా నున్నవి. అట్టిచోట దర్జీ మాట పరాయి మాట యెట్లగును? పారసీకమున ‘దర్జ్’ అనగా గుడ్డను గుడ్డతో కలిపిన కుట్టు. ఆ కుట్టు వేయువాడు దర్జీ. అస్తరు అనగా లోపలివైపు వేయు గుడ్డ. ‘పాయ్’ అనగా కాలు, ‘జామా’ అనగా వస్త్రము. కాలికి తొడుగునది పైజామా.

బొత్తాము, కాజా అనునవి సముద్రముపై వచ్చినవి. పోర్చుగీసు భాషలో ‘కాజ’ అనగా ఇల్లు. బొత్తాము దూరు రంధ్రమునకు కూడ వారిది అదే పేరు. బొత్తాముకు ఇల్లు కాజా! ఈ యొక్క మాట చెప్పిన చాలును, కాజా పరిమాణము బొత్తామునుబట్టి యుండవలెనని పిల్లలకు వేరుగా చెప్ప నక్కరలేదు. జేబు చరిత్ర గణితోపాధ్యాయులకు వింత గొల్పును. అరబ్బీలో ‘జైబ్’ అనునది వస్త్రపు మెడచీలికను, ఎదపై మడతను తెలిపెడి మాట. మన గణితజ్ఞుల ‘జీవా’ శబ్దము అరబ్బీలోనికి పోయి, అచ్చులు వ్రాయని ఆ లిపిలో ‘జైబ్’ అని చదువబడి, 12వ శతాబ్దమున లాటినులోనికి ‘సైనస్’ అని అనువదింపబడినది. నేడు త్రికోణమితిలో పిల్లలు వల్లించు ‘సైను’ అదియే. దర్జీ అంగడికిని, తరగతిగదికిని ఇంత చుట్టరికమున్నది.

మిషను మాటలు మాత్రము ఇటీవలివి. ఎలియాస్ హోవే అను అమెరికను 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను తమ కుట్టుయంత్రములకు పేటెంటు పొందిరి. సి. పి. బ్రౌను తెలుగు నిఘంటువు అచ్చైనది 1852లో. కనుక బాబిను, షటిలు వంటి మాటలకై ఆ గ్రంథమును వెదకుట వ్యర్థము. అవి ఇంగ్లీషు నుండి వచ్చినవి, వచ్చి నిలిచినవి. వానిని వెళ్లగొట్టనక్కరలేదు, అర్థము చెప్పిన చాలును. చేతిసూదికి బెజ్జము వెనుక నుండును, మిషను సూదికి మొన దగ్గర నుండును. పైదారము సూదితో గుడ్డలోనికి దిగును. క్రింద బాబినులోని దారము దానిని చుట్టుకొనును. రెండు దారములును గుడ్డ మందములోనే ముడిపడవలెను. ముడి పైకి తేలినచో పైదారపు బిగువు ఎక్కువ, అడుగున తేలినచో తక్కువ. ఇట్లు చెప్పినచో మిషను చెడినదని మెకానిక్కు కొరకు పరుగెత్తు అవస్థ సగము తీరును.

ఇక నేర్చుకొనువారు మొదట తెలిసికొనవలసిన కొన్ని మాటలను చూతము.

‘ఆది’ అనగా కొలతకొరకు దర్జీ కిచ్చు పాత జాకెట్టు. ఇది మన యాడువారందరు ఎరిగిన మాట. ఆది యుండుట సుఖమే. కాని అది దేహము కాదు. ఉతుకులలో సాగిన ఆదిని కొలిచినవాడు ఆ సాగుదలను కూడ కొత్తగుడ్డలో కుట్టిపెట్టును. టేపుతో దేహమును, కంటితో ఆదిని చూచువాడే నేర్పరి.

‘పడుగు, పేక’ అనునవి సాలెవాని మాటలు. వెంకటగిరి చీర పుట్టిన నెల్లూరుసీమకు ఇవి కొత్తవి కావు. మగ్గముపై నిలువుగా సాగదీసిన నూలు పడుగు; దానికి అడ్డముగా నడచునది పేక. పడుగు వెంబడి గుడ్డ అంతగా సాగదు. అందుచేత చొక్కా, జాకెట్టు నిలువును సాధారణముగా పడుగు వెంబడి కత్తిరింతురు. ఈ రెంటికిని నడుమ మూలనుండి మూలకు పోవు దారి ‘ఐమూల’. దర్జీలు దీనినే ‘క్రాసు’ అందురు, ఇంగ్లీషు పుస్తకములు ‘బయాసు’ అనును. ఐమూలగా లాగినపుడు దారములు ఒకదానిపై నొకటి జరుగును, గుడ్డ సాగును. మెడచుట్టు వేయు పట్టీని ఐమూలగా ఏల కత్తిరింతురో, క్రాసు జాకెట్టు దేహమున కేల ఒదుగునో దీనివలన బోధపడును. ఒక చేతిరుమాలను తీసికొని నిలువుగా నొకసారి, మూలలు పట్టి ఒకసారి లాగి చూపిన చాలును. ఇంతకంటె మంచి పాఠము లేదు.

‘వదులు’ వేరు, ‘కుట్టుకు విడిచిన గుడ్డ’ వేరు. మొదటిదే ఈజు, రెండవదే సీము అలవెన్సు. దర్జీలు ‘మార్జిను’ అందురు. నేర్చుకొనువారి గుడ్డ పాడగుట చాలవరకు ఈ రెంటిని ఒకటిగా ఎంచుటవలననే. ఛాతీ చుట్టుకొలత 32 అంగుళములనుకొందము. గుడ్డను నాలుగు మడతలు వేసి కత్తిరింతురు కనుక ఒక్క మడతకు 8 అంగుళములు. ఊపిరి పీల్చుటకు, చేయి యెత్తుటకు అర అంగుళము వదులు. కుట్టులోపల దాగుటకు ఒక అంగుళము. వెరసి తొమ్మిదిన్నర. కుట్టిన పిమ్మట ఆ అంగుళము లోనికి పోవును, వదులు మిగులును. వదులును మరచి 9 అంగుళములకే కత్తిరించినచో కుట్టు పూర్తియగుసరికి జాకెట్టు సరిగా 32 అంగుళములే యగును. అది కొలతకు సరిపోవును, మనిషికి సరిపోదు. ఈ యంకెలు గుడ్డనుబట్టి మారవచ్చును, సూత్రము మారదు. పరుల గుడ్డ పాడైనచో మూల్యము చెల్లించుకొనవలసినది ఆ కూలి పిల్లయే.

‘టక్కు’ అను మాటలో ఒక చిక్కున్నది. మన దర్జీలు జాకెట్టు ఎదభాగమున వేయు కోసుమడతను టక్కు అందురు. ఇంగ్లీషు పుస్తకములలో దాని పేరు డార్టు. ఒక కొన వెడల్పుగా నుండి, రెండవ కొన సూదిమొనవలె సన్నగిల్లు మడత యిది. చదునైన గుడ్డను గుండ్రనిదానిగా మార్చునది ఇదియే. పుస్తకపు టక్కు వేరు. అది పొడవునా ఒకే వెడల్పుగల మడత. ఫోనులో పాఠము చూచు పిల్లకు ఈ భేదము ముందుగా తెలిసియుండవలెను.

‘కుచ్చు’ అనగా దారము లాగి గుడ్డను దగ్గరకు చేర్చుట. అందలి ముడతలకు లెక్క లేదు. లెక్కపెట్టి, కొలిచి, ఒకే దిక్కునకు వేసిన మడతలు ‘ప్లీట్లు’. చీర కుచ్చిళ్లు పోయుట యెరిగిన పిల్లకు ఈ భేదము ఆమె వ్రేళ్లకే తెలిసియున్నది. ఉపాధ్యాయుడు దానికి పేరు పెట్టిన చాలును.

కుట్టులలో మొదటిది ‘కచ్చాకుట్టు’. ఇది నిలుచునది కాదు. అమరిక చూచుకొనుటకు దూరదూరముగా వేసి, పిమ్మట తీసివేయునది. రంగు వేరైన దారముతో వేసినచో తీయుట సులభము. సూది ముందునకే పోవునది పరుగుకుట్టు. పాత చీరలు దొంతరవేసి బొంత కుట్టు అవ్వ చేతిలోనిది అదియే. సూది ఒకమారు వెనుకకు వచ్చి మరల ముందునకు పోయినచో కుట్టు గట్టిపడును. ఉర్దూ దర్జీలు దానిని ‘బఖియా’ అందురు. అంచు మడచి, పైకి దారము కనబడీ కనబడనట్లు పట్టునది హెమ్మింగు. దానికి వారి మాట ‘తుర్పాయి’. చిరుగుపై వేరొక గుడ్డముక్క వేసి కుట్టునది ‘మాసిక’. చిరుగులో దారములనే పడుగు పేకలుగా అల్లి పూడ్చునది ‘రఫూ’. మాసిక పేదరికమునకు గుర్తని సిగ్గుపడువారు కలరు. వస్త్రమును గౌరవించుటకు అది గుర్తని పిల్లలకు నేర్పవలెను.

కొలతలలోను ఒక గందరగోళమున్నది. 1956 చట్టముతో మీటరు మన దేశమునకు ప్రమాణమైనది. అంగడివాడు మీటరుతో అమ్మును, దర్జీ అంగుళముతో కొలుచును, పెద్దలు గజమని పలుకుదురు. గజము 36 అంగుళములు. మీటరు 39 అంగుళములకు పైచిలుకు. జాకెట్టుకని కొను 80 సెంటీమీటర్ల గుడ్డ ముప్పదియొకటిన్నర అంగుళములు మాత్రమే. కొత్త నూలుగుడ్డను తడిపి ఆరవేసినచో అది కొంత కుంచించుకొనును. కత్తిరింపుకు ముందే తడుపుమని పెద్దలు చెప్పునది ఇందుకే.

ఇట్లు చెప్పినపుడు ఒక ఆక్షేపణ రావచ్చును: వస్త్రకర్మాగారములలో ఉద్యోగమునకు ఇంగ్లీషు మాటలే కావలెను గదా, తెలుగు మాటతో పిల్లలను వెనుకకు త్రోయుట యేల? ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఇంగ్లీషు మాటను విడువుమని ఎవరును చెప్పరాదు. కాని అర్థము లేని మాట ఏ కర్మాగారమునను అక్కరకు రాదు. ఐమూల తెలిసిన పిల్ల బయాసును ఒక్క నిమిషములో నేర్చును. బయాసును వల్లించిన పిల్ల గుడ్డను అడ్డముగా కత్తిరించిన పిమ్మట గాని దాని యర్థము తెలిసికొనదు. ముందు ఇంటిమాట, తరువాత దర్జీమాట, ఆ తరువాత పుస్తకపుమాట - ఈ క్రమము తప్పరాదు.

ఈ పనిలో ఉపాధ్యాయులకును విద్యార్థులకును మంచి పాత్ర కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశమును ప్రకటించినది. 1962లో వెలువడిన మొదటి సంపుటము వ్యవసాయ పదములది. 1971లో వెలువడిన రెండవది చేనేత పదములది. పల్లెలకు పోయి, పనివారిని అడిగి, వారి నోటిమాటను వ్రాసికొనిన గ్రంథములవి. ఆ మార్గము పాఠశాలకు మించినది కాదు. మర్రిపాడు విద్యార్థి తన యూరి దర్జీవద్దను, తన తల్లివద్దను కూర్చుండి వారి మాటలను వ్రాసికొనవచ్చును. మాట ప్రక్కన అది చెప్పినవారి ఊరు, చేయి చేయు పని, ఆ ప్రక్కన కుట్టి చూపిన గుడ్డపీలిక. ఆత్మకూరు మాట యేది, ఉదయగిరి మాట యేది, ఇంట స్త్రీలు వాడునది యేది, అంగడిలో వినబడునది యేది యని పోల్చిచూచినచో భాషయు, చరిత్రయు, లెక్కయు ఒకే పుస్తకములో అమరును. ఉదయగిరి చెక్కచెంచాల పనివారి మాటలను కూడ అట్లే కూర్చవచ్చును.

దర్జీ మాటలను పామరుల మాటలని పండితులు తలచిన కాలమొకటి యుండెను. ఇంగ్లీషు పేరు లేనిది విద్యయే కాదని తలచు కాలమిది. రెండు తలంపులును ఒకే స్త్రీని కాజాలవద్ద కూర్చుండబెట్టినవి. ఆమెకు సూది ఇదివరకే వచ్చును. వదులుకును మార్జినుకును భేదము ఆమె భాషలో చెప్పినవాడు ఆమె చేతికి కత్తెర నిచ్చినవాడగును.