డాక్టరుగారి నీలిపెట్టె, పిచ్చినవ్వులు

నవ్వు నాలుగువిధముల చేటను సామెత మన యిండ్లలో ఆడపిల్లకు అక్షరములు రాకముందే వచ్చును. అందులోను కారణములేని నవ్వనిన పెద్దలకు బొత్తిగా గిట్టదు. "ఏమా పిచ్చినవ్వు?" అని గదిమినగాని వారికి తోచదు. సోదరీమణులారా, ఈ మాసము మన ముచ్చట ఆ పిచ్చినవ్వును గుఱించియే. అది పండితులు తలలూపు హాస్యము గాదు. సబ్బుబుడగ పగిలినందుకు పసివాడు నవ్వు నవ్వువంటిది. అట్టి నవ్వును నమ్ముకొని అరువదియేండ్లకు పైబడి బ్రదికిన నాటకమొకటి కలదు. ఆంగ్లదేశమున బీబీసీవారు టెలివిజనులో చూపిన "డాక్టర్ హూ" యను ధారావాహికయే అది. బిడ్డలు సముద్రములకావల కాపురముండగా మనుమలను చూడబోయిన సోదరీమణులలో కొందఱు దీనిని చూచియే యుందురు. చూడనివారికొఱకు ముందుగా రెండు మాటలు.

ఇందలి డాక్టరు మందులిచ్చు వైద్యుడు గాడు. అసలు పేరేమో యెవరికిని తెలియదు. వేఱొక గ్రహమునుండి వచ్చినవాడు. రెండు గుండెకాయలు గలవాడు. ప్రాణము పోవు సమయమున రూపము మార్చుకొని క్రొత్తమనిషి యగును. మొదటి నటునికి ఆరోగ్యము చెడినపుడు నాటకము నిలిచిపోకుండ 1966లో పన్నిన యుపాయమిది. ఆతని వాహనము కాలమున వెనుకకును ముందుకును పోగలదు. పూర్వము బ్రిటను వీధులలో పోలీసులను పిలుచుటకు టెలిఫోను పెట్టి యుంచిన నీలపు చిన్నగదులుండెడివి. ఆ వాహనము చూచుటకు అట్టి పెట్టె. బయట ఇద్దఱు నిలుచునంత, లోపల మహాసౌధమంత! మొదటిసారి యడుగిడిన ప్రతివారును నోరుతెఱచి, లోపలిది పెద్దదిగా నున్నదే యని యాశ్చర్యపడుదురు. ఈ యొక్క హాస్యము 1963నుండి ఎన్నిమార్లు నడిచినదో లెక్కలేదు. పిల్లలకది విసుగు పుట్టింపదు. రాత్రి రాత్రికి అదే కథ అడుగు పిల్లలను పెంచినవారికి ఇందు వింత లేదు.

ఇది 1963 నవంబరు 23వ తేది శనివారమునాడు ఆరంభమైనది. నిర్మించినది వెరిటీ లాంబర్టను యువతి. అప్పటికామెకు 28 ఏండ్లు నిండలేదు. మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. పిల్లలకు చరిత్రయు సైన్సును బోధపడవలెనని డాక్టరు వెంట ఉపాధ్యాయిని నొకతెను, ఉపాధ్యాయు నొకనిని పెట్టిరి. మిడిగ్రుడ్ల రాక్షసులు పనికిరారని నాటకశాఖాధిపతి సిడ్నీ న్యూమను గారి యాజ్ఞ. నెల తిరుగకముందే డాలెక్కులు దిగినవి!

డాలెక్కనగా లోహపు గూటిలో నుండి, తనవంటిది గాని ప్రతి ప్రాణిని చంపగోరు జీవి. దాని రూపము చూడుడు. బోర్లించిన గంగాళము, దాని చుట్టును గుబ్బలు, నొసటినుండి కొమ్మువలె సాగిన యొక కన్ను. ఇక చేయి యందురా, తూము పూడుకొన్నపుడు పనివారు పొడుచు రబ్బరు గిన్నె! ఇట్టి వస్తువును చూచి ఆ దేశపు పిల్లలు సోఫాల చాటున దాగిరి. భయముచే దాగిరి, మరల తల యెత్తి చూచిరి, ఇంకను దాగిరి. మఱునాడు బడిలో చేతులు చాచి, గొంతు బిగించి డాలెక్కులాట లాడిరి. నవ్వదగినదానికి భయపడుట, భయపడినదానిని చూచి నవ్వుట, ఇవి రెండును ఆ పిల్లలకు ఒక్క సాయంకాలముననే అలవడినవి.

గంగాళమునకు కాళ్ళు లేవు గదా, మెట్లెక్కుట యెట్లు? దేశమంతయు ఈ ప్రశ్న వేసి నవ్వుకొన్నది. 1979లో నొక కథయందు డాక్టరే పైకెగబ్రాకి, సృష్టిలో మిమ్ము మించినవారు లేరుగదా, నా వెంట ఎక్కిరారాదా యని వానిని ఎత్తిపొడిచెను. ఇట్లు నవ్వి నవ్వి యున్న దేశమునకు 1988లో గుండె ఝల్లుమన్నది. నేలమాళిగలో చిక్కిన డాక్టరు మెట్లెక్కి పాఱిపోజూడగా, వెనుక డాలెక్కు మెల్లగా గాలిలోనికి లేచి మెట్టుమెట్టునకును పైకి వచ్చెను. ఏండ్లతరబడి పెంచిన హాస్యము నొక్క క్షణమున భయముగా మార్చివేసిరి! నవ్వు లేనియెడల ఆ భయమునకు అంత బలముండెడిది గాదని నా యభిప్రాయము.

నవ్వు మంచిదేకాని, ఎవరిని చూచి నవ్వుచున్నామన్నది ప్రధానము. 1965లో వచ్చిన రోముకథయందు డాక్టరును గొప్ప వైణికుడని పొరబడి నీరో చక్రవర్తి విందునకు పిలిపించును. ఈయనకు తీగె మీటుటయే రాదు. అయినను బెదరక, ఈ సంగీతము అతిసూక్ష్మము, సున్నితమైన చెవిగలవారికి మాత్రమే వినబడునని చెప్పి, తీగెలు తాకకుండ వ్రేళ్ళాడించును. సభ నిశ్శబ్దము. వినబడలేదన్నచో చెవి మొద్దని యందురేమోయని ప్రతివారును పరవశమభినయించి చప్పట్లు కొట్టుదురు. నీరోకు అసూయ! ఇది చక్కని హాస్యము. అయితే అదే కథలో బానిసగా అమ్ముడుపోయిన ఉపాధ్యాయినిని నీరో నడవలవెంట తఱుముటయు, రాణి యీర్ష్యతో వెంబడించుటయు నవ్వులాటగానే నడిపిరి. ఆమె చిక్కినచో నేమగునో యెఱిగినవారము మనము. అక్కడ నాకు నవ్వు రాలేదు. పరుగులలో తలుపులు తెఱచుట మూయుట యెంత నేర్పుగా నున్నను రాలేదు.

1974నుండి 1981వఱకు టామ్ బేకరు డాక్టరు వేషము ధరించెను. ఆయన మఫ్లరు కథ అల్లికపని చేయు సోదరీమణులు వినదగినది. దుస్తుల విషయము చూచువారు ఒక యల్లికపనిగత్తెకు రంగురంగుల ఉన్ని కావలసినదానికంటె హెచ్చుగా నిచ్చి, మఫ్లరల్లుమనిరట. ఆమె ఉన్నియంతయు అయిపోవువఱకు అల్లెను! అది మెడచుట్టి నేల జీరాడి యింకను మిగిలెను. దానిని మరల విప్పించక అట్లే వేసికొనుట ఆ నాటకమువారి బుద్ధి. ఈ డాక్టరు జేబులో పసిపిల్లల యాకారమున నుండు మెత్తని మిఠాయి బిళ్ళలుండును. చంపవచ్చిన వానికిని మొదట ఒక బిళ్ళ చాచి, తినెదవా యని యడుగును. శత్రువు అంతకుముందెన్నడు అట్టి ప్రశ్న విని యుండడు కాబోలు, ఒక నిమిషము తెల్లబోవును. తప్పించుకొనుటకు ఆ నిమిషమే చాలును.

ఈ కాలముననే మేరీ వైట్‌హౌసను నామె, ఈ నాటకము పిల్లలను మిక్కిలి భయపెట్టుచున్నదని గట్టిగా ప్రతిఘటించెను. 1976లో డాక్టరు తలను నీటిలో నొక్కిపట్టి, అక్కడనే ఆనాటి భాగమును ముగించిరి. దానిపై ఆమె పెట్టిన మొఱ బీబీసీవారిని కదలించెను. మఱుసంవత్సరము వచ్చిన గ్రహాము విలియమ్సను నిర్మాతకు హింస తగ్గింపుమని యాజ్ఞ యయ్యెను. హింస పోయినచోట హాస్యము వచ్చి కూర్చున్నది. డగ్లస్ ఆడమ్సను హాస్యరచయిత కథల సంపాదకుడయ్యెను. 1979లో పారిసు నగరమున తీసిన కథ ఆ కాలపు పంట. కాలమున ముక్కలై చెదరిన యొక గ్రహాంతరవాసి లియొనార్డోచేత మోనాలీసాను మఱియాఱు మార్లు వ్రాయించి అమ్మజూచును. డాక్టరు లియొనార్డో యింటికిబోయి, ఆ వట్టి పలకలమీద నేటికాలపు కలముతో "ఇది నకిలీ" యను అర్థము వచ్చునట్లు వ్రాసివచ్చును. తుదకు మంటలో తక్కినవన్నియు కాలి, మిగిలినది అట్టి వ్రాతగల చిత్రమే! రంగుల క్రింద ఆ వ్రాతతోనే అది మ్యూజియమునకు చేరును. పోటీ సంస్థయగు ఐటీవీలో అప్పుడు సమ్మె జరుగుచుండుటచే ఆ కథ చివరి భాగమును 1 కోటి 60 లక్షలమంది చూచిరి. అయినను, నటులు తామే నవ్వుచుండ ఇక మేమెవరికి భయపడవలెనని పాతప్రేక్షకులు గొణగిరి. వారి మాటయు కొంత నిజమే. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎంత గంతులిడినను, రావణుని బొమ్మ మాత్రము నవ్వరాదు.

నవ్వునే శిక్షగా చేసిన రాజ్యమును 1988లో ఒక కథలో చూపిరి. భూమినుండి వెళ్ళినవారు వేఱొక గ్రహమున వలసయున్నారు. హెలెన్ ఎ యనునామె దానిని పాలించుచున్నది. అక్కడ అందఱును సంతోషముగా నుండవలెను, ఇది శాసనము! దిగులు ముఖము కనబడినచో మరణదండన. గులాబిరంగు జుట్టు పెట్టుకొన్న స్త్రీలు తుపాకులతో వీధులు తిరిగి, కంటనీరు పెట్టువారిని వెదకుదురు. డాక్టరుగారి నీలిపెట్టె దిగులుగానున్నదని దానికిని గులాబిరంగు పూయుదురు. ఇక తలారియో, మిఠాయితో చేసిన మరమనిషి. చక్కెరపాకములో ముంచి ప్రాణము తీయును. డాక్టరు వానిమీద నిమ్మసోడా పోయగా కాళ్ళు నేలకంటుకొని కదలలేక నిలుచును. ఇంతకంటె పిచ్చికల్పన యుండునా యని చూచినవారిలో ననేకులు అప్పుడు వెక్కిరించిరి.

నాకు మాత్రము ఈ కథ తలచినపుడు నవ్వు వెనుక వేఱొకటి కదలును. కన్నీరు నిషేధించిన యిల్లు మనమెవ్వరమును చూడనిది గాదు. పండుగపూట ఏడువరాదు, నలుగురిలో ఏడువరాదు, పుట్టింటి కబురు విన్నను పెదవి విఱువరాదు. నవ్వుముఖముతో వడ్డించవలెను. ఈ నాటకములో డాక్టరు తుపాకి పట్టడు. తుపాకి పట్టినవాని యెదుటికే పోయి, నా కన్నులలోనికి చూచి కాల్చుమనును, వాడు కాల్చలేడు. మఱియొకచోట వీధిలో జనులను చేర్చి బిగ్గఱగా నవ్వించును. నవ్వువారిని బంధించుటకు శాసనములేదు! కావలి స్త్రీలకేమి చేయుటకును తోచదు. కడపట హెలెన్ ఎ పెంపుడు జంతువు చనిపోగా, ఆమె దానిపైబడి వెక్కివెక్కి యేడ్చును. అంతవఱకు నవ్వించిన నాటకము ఆమె యేడ్పును చూచి మనలను నవ్వుమని చెప్పదు.

1989లో ఈ ధారావాహిక నిలిచిపోయినది. 1996లో ఒక్క చిత్రము వచ్చినది. మరల 2005లో మొదలుపెట్టిరి. మొదటినాడే ఒక చెత్తడబ్బా మనిషిని మ్రింగి త్రేన్చెను. కొన్ని వారములకు ప్రభుత్వపు పెద్దల వేషములలో దూరిన గ్రహాంతరవాసులు ప్రధానమంత్రి గృహముననే అపానవాయువులు విడువసాగిరి! ఎనిమిదేండ్ల పిల్లలు పొట్టపట్టుకొని నవ్విరి. తండ్రులు తల పట్టుకొనిరి. ఒకమారు నవ్వవచ్చును. పదిమార్లన్నచో నాకును తల నొచ్చును. 2024లో మాటలాడు పసిపాపలుండు అంతరిక్షనౌకను చూపిరి. అందలి భూతము ఆ పాపల చీమిడితో తయారైనది. దానిని బయటకు త్రోసివేయబూనగా డాక్టరు ప్రాణములకు తెగించి ఆ చీమిడిభూతమునే రక్షించెను. తల్లులకు చీమిడి క్రొత్తగాదు. భూతమునకును ప్రాణము కలదని ఆలోచించుట మాత్రము మెచ్చదగినది.

2017లో డాక్టరు స్త్రీరూపము దాల్చెను. మఱుసటి యేడు 1947 దేశవిభజనమునాటి పంజాబు కథ యొకటి వచ్చినది. గోరింట పెట్టుకొనుచు ఆమె, పురుషుడనైయున్నపుడు ఈ యానందము నాకు దొరకలేదని మురియును. ఆ కథలో నవ్వు కొంచెమే, అంతకుమించి యుండరాదు.

నాకన్నిటికంటె నచ్చిన కథ 2005 మే నెలలో రెండు భాగములుగా వచ్చినది. 1941, లండను నగరముపై బాంబులు పడుచున్నవి. నాన్సీ యను పడుచు దిక్కులేని పిల్లలను వెంటబెట్టుకొని, జనులు సొరంగములలో దాగిన సమయమున వారి యిండ్లలో జొచ్చి వడ్డించిన భోజనము తినిపించుచుండును. దొంగతిండియే యైనను, నెమ్మదిగా నమలుడని మర్యాదలు నేర్పును! ఆ వీధులలోనే విషవాయువుకు కట్టుకొను ముసుగు ముఖమునకు అంటుకుపోయిన నాలుగైదేండ్ల పసివాడొకడు తిరుగుచు, కనబడినవారినెల్ల నీవు మా అమ్మవా యని యడుగుచుండును. వాడు తాకినవారికిని ముఖము ముసుగుగా మాఱును. ఆసుపత్రిలో రోగులందఱు అట్లే మాఱి, అమ్మా యనుచు డాక్టరు మీదికి వచ్చెదరు. మొదటి భాగము అంతటితో ఆగును. వారమురోజులు పిల్లలకు నిద్రపట్టి యుండదు.

రెండవ భాగము మొదట డాక్టరు చేసినదేమనుకొన్నారు? తండ్రివలె కన్నెఱ్ఱజేసి, పొండి, మీ గదులకు పొండి యని గదిమెను! ఆ భయంకరులందఱు తలలు వంచుకొని తిరిగిపోయిరి. ఇది శుద్ధ పిచ్చిహాస్యమే. కాని కథకు తాళపుచెవియు అదియే. వారిలో నున్నది రాక్షసుడు గాడు, తల్లికై యేడ్చు పిల్లవాడు. ఆ పసివాడు బాంబు పడి చనిపోయినవాడు. గ్రహాంతరవైద్యపు సూక్ష్మకణములు మనిషి నెన్నడును చూడనివి గనుక, ముసుగును ముఖమనుకొని అట్లే బ్రదికించినవి. తమ్ముడని నాన్సీ లోకమునకు చెప్పుకొన్నది అబద్ధము. పెండ్లిగాక, పిల్లవయసుననే కన్న కొడుకు వాడు. లోకమునకు జడిసి వానికే ఆ సంగతి చెప్పలేదు. నగరమంతయు ముసుగుగా మాఱబోవు వేళ ఆమె ముందుకు నడిచి, నేనే మీ అమ్మనని కౌగిలించుకొనెను. కణములు తల్లి రక్తమును చూచి, బిడ్డ యెట్లుండవలెనో తెలిసికొని, తప్పు దిద్దినవి. డాక్టరు ముసుగు లాగెను. వెనుక నున్నది చిన్నపిల్లవాని ముఖము.

చూచుచున్నవారి కండ్లు నిండియుండగా, బాగైన రోగులనుండి ఒక ముసలామె వచ్చి వైద్యునితో మొఱపెట్టుకొనెను. అయ్యా, నేనాసుపత్రికి వచ్చినపుడు నాకొక్క కాలే యుండెను, ఇప్పుడు రెండున్నవి యని. ఆయన కొంచెమాలోచించి, అమ్మా, యుద్ధకాలము గదా, మీరు లెక్క తప్పినారేమో యనెను.