పాప గదిని డ్రాయింగ్ రూమ్ చేయొద్దు

మన స్కూల్ పేరెంట్స్‌లో చాలామందికి పెద్దబాబో పెద్దపాపో ఎల్‌కేజీలోనో ఒకటో తరగతిలోనో ఉండగా ఇంట్లోకి రెండో బిడ్డ వస్తుంది. ఆడపిల్ల అయితే మహాలక్ష్మి వచ్చిందని అందరికీ స్వీట్లు పంచుతాం. ఆ వెంటనే మొదలయ్యే ఆలోచన, పాపకి ఒక గది. మన దేశంలో పుట్టేముందు ఆడా మగా అని తెలుసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని అమెరికాలో ఉన్న మన బంధువుల్లాగా ముందే గది ముస్తాబు చేసుకునే వీల్లేదు. బాలింత, పాప పుట్టింట్లో ఉండే ఆ మూడు నెలల్లోనో ఐదు నెలల్లోనో ఇక్కడ నాన్నగారు, ఇంటీరియర్ వాళ్లు కలిసి హడావిడిగా పని పూర్తి చేస్తారు.

ఈ మధ్య ఇంటీరియర్ క్యాటలాగుల్లో తరచూ కనిపిస్తున్న పేరు 'విక్టోరియన్ నర్సరీ'. లేత గులాబీ గోడలు, పెద్ద పెద్ద రోజాల వాల్‌పేపర్, పైనుంచి జారే లేసు తెర, కుచ్చుల దిండ్లు, వెల్వెట్ కర్టెన్లు, బంగారు అంచు అద్దం, మధ్యలో చిన్న షాండ్లియర్. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని వద్దనడానికి నేను ఇది రాయడం లేదు. అయితే అసలు విక్టోరియన్ ఇంట్లో పిల్లల గది ఇలా ఉండేది కాదు. ఇలా ఉండేది వాళ్ల డ్రాయింగ్ రూమ్. ఈ తేడా తెలుసుకుంటే మనం డబ్బు పెట్టే చోటు మారుతుంది.

అసలు నర్సరీ ఎలా ఉండేది?

నర్సరీ అనగానే మనకు ఎల్‌కేజీకి ముందు క్లాసు గుర్తొస్తుంది. విక్టోరియా రాణి పాలించిన 1837 నుంచి 1901 వరకు ఇంగ్లండ్‌లో, కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో నర్సరీ అంటే పిల్లలు, వాళ్లను చూసుకునే ఆయా ఉండే గది. సాధారణంగా పై అంతస్తులో ఉండేది. అతిథులు అక్కడికి వెళ్లరు కాబట్టి దాన్ని ఎవరికీ చూపించాల్సిన పనిలేదు. కింద వాడి పక్కన పెట్టిన పాత కుర్చీలు, బల్లలు చాలాసార్లు అక్కడికే చేరేవి.

కింద డ్రాయింగ్ రూమ్ సంగతి వేరు. వెల్వెట్, లేసు, అద్దాలు, పూల తివాచీలు, గాజు బొమ్మలు అన్నీ అక్కడే. సాయంత్రం ఒక గంటసేపు పిల్లలకు మంచి బట్టలు తొడిగి కిందికి తీసుకొచ్చి పెద్దవాళ్లకు చూపించి, మళ్లీ పైకి పంపేవారు. పిల్లలు కనపడాలి గాని వినపడకూడదు అన్న సామెత ఆ ఇళ్లలో బాగా చెలామణీలో ఉండేది.

ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో నర్సరీ ఇంకా సాదాగా మారింది. దానికి కారణం ఆరోగ్యం. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో కార్పెట్లు మురికిని దాచుకుంటాయని, కాగితం అతికించిన గోడ అన్ని గోడల్లోకీ చెడ్డదని, కడగగలిగిన గోడే మంచిదని వాదించారు. కర్ర మంచాల్లో నల్లులు చేరతాయని ఇనప మంచాలు వచ్చాయి. మొత్తం నేలను కప్పే కార్పెట్ బదులు, రోజూ దులపగలిగే చిన్న రగ్గులు వచ్చాయి. కిటికీకి ఊచలు, నిప్పు గూటి ముందు ఇనప కంచె పెట్టేవారు. 1870ల్లో వాల్టర్ క్రేన్ అనే చిత్రకారుడు పిల్లల పాటల్లోని బొమ్మలతో నర్సరీ కోసమే వాల్‌పేపర్ గీశారు. 1893లో కేట్ గ్రీనవే బొమ్మలతో వచ్చిన వాల్‌పేపర్ తడిగుడ్డతో తుడుచుకోగలిగిన రకం. అంటే విక్టోరియన్ నర్సరీలో ఆలోచించి చేసినవన్నీ గాలి, వెలుతురు, శుభ్రత కోసమే. ఇప్పుడు ఆ పేరుతో మనకు అమ్ముతున్న ప్యాకేజీలో ఆ మూడింటినీ పక్కన పెట్టేసి కింది గదిని పైకి తెచ్చి పెడుతున్నారు.

అందమైన గోడల్లో ఆర్సెనిక్

నైటింగేల్ వాల్‌పేపర్‌ను వద్దన్న రోజుల్లోనే దానిలో ఇంకో ప్రమాదం ఉండేది. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆర్సెనిక్‌తో ఒక పచ్చరంగు తయారుచేశారు. తర్వాత అలాంటి పచ్చలే ఇంకొన్ని వచ్చాయి. విక్టోరియన్ ఇళ్ల వాల్‌పేపర్లలో ఈ రంగులు విరివిగా వాడారు. పిల్లలు జబ్బుపడుతున్నారని వైద్యులు మొత్తుకున్నా తయారీదార్లు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇప్పటికీ డిజైనర్లు పేరు చెప్పుకునే విలియం మోరిస్ తొలినాటి వాల్‌పేపర్లలోనూ ఆర్సెనిక్ పచ్చ ఉందని పరీక్షల్లో తేలింది. ఆయన కుటుంబానికి వాటాలున్న గని ఆర్సెనిక్‌ను పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసేది కూడా.

ఇది పాత కథ అని వదిలేయకండి. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన పాత ఉయ్యాల, అల్మారా, సొరుగుల బల్లకు ఆ హామీ లేదు. విక్టోరియన్ లుక్ కోసం పాత సామాన్ల దుకాణంలో కొన్న ఫర్నిచర్‌కూ అంతే. పళ్లు వచ్చే వయసులో పాప మొదట కొరికేది ఆ అంచునే.

అన్న బడికి, చెల్లి గదికి

గులాబీ రంగు విషయంలో ఒక మాట. విక్టోరియన్ పసిపిల్లలు ఆడైనా మగైనా తెల్ల గౌనులే వేసుకునేవారు. తెల్ల నూలు బట్టను ఉడకబెట్టి ఉతకొచ్చు, అదీ కారణం. గులాబీ అమ్మాయిలది, నీలం అబ్బాయిలది అన్న పంపకం 20వ శతాబ్దంలో స్థిరపడింది. 1918లో ఒక అమెరికన్ బట్టల వ్యాపార పత్రిక దీనికి సరిగ్గా తలకిందులుగా, గులాబీ అబ్బాయిలకు, నీలం అమ్మాయిలకు నప్పుతుందని రాసింది. కాబట్టి మీ పాప గదికి ఏ రంగు వేసినా సంప్రదాయం ఏమీ పాడైపోదు.

ఆ కాలం నుంచి మనం నిజంగా తెచ్చుకోకూడనిది రంగు కాదు, ఒక అలవాటు. కలిగిన ఇళ్లలో అబ్బాయికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి బోర్డింగ్ స్కూలుకు పంపేవారు. అతని చెల్లెలు చాలా ఇళ్లలో ఆ పై గదిలోనే ఉండి, ఇంటికొచ్చే గవర్నెస్ దగ్గర కాస్త ఫ్రెంచి, కాస్త పియానో, కాస్త కుట్టుపని నేర్చుకునేది. 1869లో కేంబ్రిడ్జ్ అమ్మాయిల కోసం గిర్టన్ కాలేజీ మొదలైంది. ఆ అమ్మాయిలకు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పూర్తి డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది మాత్రం 1948లో. అదే విక్టోరియా కాలంలో, 1874లో, మన ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లల కోసం బడి పెట్టారు. ఇవాళ అమ్మాయికీ అబ్బాయికీ ఒకే ఫీజు కట్టి ఒకే క్లాసులో కూర్చోబెడుతున్న మనం, ఇంటికొచ్చాక వాళ్ల గదుల్లో ఏం పెడుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

బాబు గదిలో మ్యాపు, గ్రహాల బొమ్మలు, బ్లాకులు, ఎక్కి దూకడానికి ఏదో ఒకటి ఉంటాయి. పాప గదిలో అద్దం, డ్రెస్సింగ్ టేబుల్, ముట్టుకుంటే నలిగిపోయే లేసు, 'పడేస్తావ్, జాగ్రత్త' అనాల్సిన పింగాణీ బొమ్మలు. ఒక గది పిల్లాణ్ని 'చెయ్యి' అంటుంది. ఇంకో గది పిల్లను 'కనపడు, కదలకు' అంటుంది. ఏ తల్లీ తండ్రీ కావాలని ఇలా చేయరు. క్యాటలాగులో అలా ఉంది కాబట్టి అలా వచ్చేస్తుంది. కానీ రోజూ అందులో నిద్రలేచే పాపకు క్యాటలాగు సంగతి తెలియదు.

మన రోజాలు, మన లేసు

విక్టోరియన్ అందం మీకు ఇష్టమైతే దాన్ని తెచ్చుకోవడానికి దారి దగ్గర్లోనే ఉంది. ఆ పూల బట్టలకు వాళ్లు చింట్జ్ అని పేరు పెట్టుకున్నారు. అది మన దేశపు మాటే. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం చుట్టుపక్కల అద్దకం వేసిన పూల బట్టలంటే ఐరోపా ఎంత పిచ్చిగా ఎగబడిందంటే, ఫ్రాన్స్, ఇంగ్లండ్ తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి వాటిని నిషేధించాయి. తర్వాత ఆ పూలనే యంత్రాల మీద అచ్చువేసి చవగ్గా అమ్మారు. ఇక లేసు సంగతి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే అల్లికను నరసాపురం పరిసరాల్లో ఆడవాళ్లు ఇప్పటికీ ఇంట్లో కూర్చుని అల్లుతున్నారు. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పెడన కలంకారీ కర్టెన్, నరసాపురం లేసు అంచున్న నూలు దుప్పటి కొంటే అసలైన విక్టోరియన్ కాలపు అందం మన గదిలో ఉంటుంది. ఉతికితే పాడవదు, కొంటే మన ఆడవాళ్లకే నాలుగు డబ్బులు. వెల్వెట్ మన ఎండకు, దుమ్ముకు పనికిరాదు. కోస్తా ఊళ్లలో వానాకాలం తేమకు కాగితం వాల్‌పేపర్ ఊడి, వెనక బూజు పడుతుంది.

గది చేసేవాళ్లకు నా సలహాలు

మొదటి ఆరు నెలలైనా పాప అమ్మానాన్నల గదిలోనే, కానీ వేరే ఉయ్యాలలోనో కాట్‌లోనో పడుకోవడం మంచిదని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మన ఇళ్లలో ఎలాగూ పసిబిడ్డ అమ్మ దగ్గరే ఉంటుంది. కాబట్టి తొందరేమీ లేదు. గది నెమ్మదిగా చేసుకోండి. పెయింట్ పాప రావడానికి కొన్ని వారాల ముందే వేయించి, కిటికీలు తెరిచి వాసన పోనివ్వండి.

కాట్‌లో గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి తప్ప ఏమీ వద్దు. కుచ్చుల దిండ్లు, బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు పసిబిడ్డకు ఊపిరాడకుండా చేసే ప్రమాదం ఉంది. అమెరికాలో ఆ మెత్తటి బంపర్ల అమ్మకాన్నే 2022లో చట్టం చేసి నిషేధించారు. కాట్ ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. పాత కాలపు కాట్‌లకు ఈ కొలత ఉండదు. పైనుంచి వేలాడే లేసు తెర బదులు, అంచులు బాగా బిగించిన దోమతెర చాలు, దోమలూ రావు. సొరుగుల బల్లను, అల్మారాను గోడకు స్క్రూలతో బిగించండి. పిల్లలు సొరుగులు మెట్లుగా చేసుకుని ఎక్కుతారు. కర్టెన్ తాళ్లు పాపకు అందకూడదు.

విక్టోరియన్ నర్సరీలో నాకు బాగా నచ్చినది మడత తెర. చలిగాలి ఆపడానికి పెట్టిన చెక్క తెరకు పిల్లలు, పెద్దలు కలిసి పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అతికించేవారు. మన స్కూల్లో చదువుతున్న అన్నయ్యకో అక్కకో ఆ పని అప్పగించండి. ఏనుగు, రైలు, చందమామ, తాతగారి ఫొటో ఏది అతికించినా సరే. చెల్లి గదిలో తన చేత్తో చేసినది ఉందని పెద్దవాడికి అసూయ తగ్గుతుంది. చెల్లికి చూడటానికి ఒక గోడంత ప్రపంచం ఉంటుంది. ఖర్చు అంటారా, జిగురు డబ్బా.

'ఒక గదికి ఇంత ఆలోచన ఎందుకండీ, మాకు చిన్నప్పుడు గదే లేదు' అని మీరు అనొచ్చు. నిజమే. మనలో చాలామంది తోబుట్టువులతో ఒకే చాప మీద పడుకుని పెరిగినవాళ్లమే. మనకు దొరకనిది కూతురికి ఇవ్వాలన్న ఆశలో తప్పేమీ లేదు, ఆ ఆశను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ చాప మీద దొర్లేటప్పుడు మనల్ని ఎవరూ ఫొటో తీయలేదు, ఏదీ ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. గదితో పాటు ఆ స్వేచ్ఛ కూడా కూతురికి ఇవ్వాలి కదా.

ఇంటీరియర్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఆ ఖాళీ గదిలో నేల మీద కూర్చుని చుట్టూ చూడండి. పాప ఎత్తు అదే. అక్కడినుంచి షాండ్లియర్ సరిగ్గా కనపడదు. కనపడేవి నేల, గోడ కింది భాగం, కిటికీ. బడ్జెట్‌లో ముందు వాటి సంగతి చూడండి. పాకడానికి చల్లటి శుభ్రమైన నేల, గీస్తే తుడుచుకోగలిగే గోడ, అందే ఎత్తులో రెండు అరల పుస్తకాలు, గట్టి గ్రిల్ ఉన్న పెద్ద కిటికీ. ఆ తర్వాత డబ్బు మిగిలితే రోజాలు ఎన్నైనా వేయించుకోండి.