గృహారోగ్యము: కంచము కాదు, గాలి



మొన్న దిల్‌సుఖ్‌నగరునుండి మెట్రోబండిలో ఎల్.బి. నగరునకు బోయి, మా స్నేహితురాలిని జూచి వచ్చితిమి. ఆమె కోడలికి క్షయయని తేలి పది దినములైనది. మందు నడచుచున్నది. కంచము వేరుచేసిరి, లోటా వేరుచేసిరి. బిడ్డ నెత్తుకొననీయరు. పుట్టింటికి బంపుదమను మాటయు వినబడినది. గది కిటికీ మాత్రము విజయవాడ త్రోవ ధూళికి జడిసి బిగించియున్నారు. ఆ పిల్ల కన్నీరు చూచియే మేమిది వ్రాయుచున్నాము.

క్షయ కంచమువలన రాదు. 1882లో కాక్ పండితుడు దాని క్రిమిని గనుగొనెను. ఊపిరితిత్తుల క్షయ గలవారు దగ్గినపుడు ఆ క్రిములు కంటి కానరాని తుంపురులతో వెడలి, మూసిన గదిలో చాలసేపు తేలియాడును. ఆ గాలిని బీల్చినవారికి సోకును. కావున వేరుచేయవలసినది కంచము కాదు, తెరువవలసినది కిటికీ.

మరి రోగిని ఇల్లు వెడలింపవలయునా? 1956లో మదరాసున వాలెస్ ఫాక్స్ అను వైద్యుడును సహచరులును దీనినే పరిశోధించిరి. పేదరోగులను కొందరిని ఆరోగ్యాశ్రమమునందును, కొందరిని వారి యిరుకు టిండ్లయందును ఉంచి, ఒకే మందులను ఏడాది యిచ్చిరి. 1959లో ఫలితము వెల్లడియైనది: ఇంటనున్నవారికిని ఇంచుమించుగా అంతే గుణమిచ్చెను, వారి యింటివారికి రోగము హెచ్చుగా సోకలేదు. ఏలయన సోకుట చాలవరకు రోగము తెలియక, మందు మొదలిడక గడచిన దినములలోనే జరుగును.

కావున రెండు వారములు మించిన దగ్గును దాచరాదు. ప్రభుత్వ వైద్యశాలలలో కఫపరీక్షయు మందును ఉచితములు. సామాన్యక్షయకు ఆరు మాసములు మందు వాడవలెను. నడుమ మానినచో మొండిరోగముగా మారవచ్చును. తొలివారములలో దగ్గునపుడు నోటికి గుడ్డ యడ్డుకొనవలెను. ఇంటివారందరును, ముఖ్యముగా పసిబిడ్డలు, పరీక్ష చేయించుకొనవలెను.

వంటయింటి పని యొకటి కలదు. ఝార్ఖండునందు రోగుల యింటివారికి బియ్యము, పప్పు అదనముగా నిచ్చి చూడగా, వారికి క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 పాళ్లు తగ్గినదని 2023లో ప్రకటించిరి. వేరు కంచము కాదు, ఇంటిల్లిపాదికిని నిండు కంచము కావలెను.

క్షయ పొందిన చంద్రుడు మరల పూర్ణుడగుట మనము పురాణములందు విన్నదే. మేము లేచివచ్చునపుడు ఆ గది కిటికీ తెరచి వచ్చితిమి. తక్కినది అత్తగారి చేతిలో నున్నది.